మంగళవారమా, బుధవారమా

రాళ్ళ షెడ్డు,
వాన వెలిసిన మధ్యాహ్నం

మరదలికి,

ఎప్పుడూ "పిల్లా" అని మొదలుపెట్టేదాన్ని. ఇవాళ ఆ మాట రాయబోతే చెయ్యి మొరాయించింది. ఎంత కోపమొచ్చినా మరదలివి కాకుండా పోవు కాబట్టి ఇది రాశాను. అంతకన్నా ఎక్కువ ఆశించకు.

ఫోన్ చేస్తున్నావు, ఎత్తడం లేదు. ఇకముందూ ఎత్తను. నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. ఏడుస్తూ తిట్టడం నాకు చేతకాదు. ఉత్తరమైతే కడుపులో ఉన్నదంతా కక్కెయ్యొచ్చు. నువ్వు చెప్పాల్సింది ఏదైనా ఉంటే నువ్వూ కాగితం మీదే పెట్టు.

తమ్ముడికి సమాధి రాయి చెక్కమని కబురు పంపావు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయిన తేదీ అని మంగళవారం నాటిది వేశావు. అది చూసి నా ఒళ్ళు మండిపోయింది. మంగళవారం వాడి ఒళ్ళు వెచ్చగా ఉంది. గుండె కొట్టుకుంటోంది. చెంప మీద గడ్డం పెరుగుతోంది, నేను చేత్తో తడిమి చూశాను. బుధవారం తెల్లారి వాణ్ణి బల్ల మీదికి తీసుకెళ్ళి, కోసి, కొట్టుకుంటున్న గుండెని ఆపి బయటికి తీశారు. వాడు పోయింది అప్పుడు. నువ్వు మాత్రం ఒక రోజు ముందే చంపేశావు.

చిన్నప్పుడు వాణ్ణి బడికి లేపడం నా పని. ఎంత అరిచినా లేచేవాడు కాదు, అరికాలు గోటితో గీస్తే మాత్రం కాలు ముడుచుకునేవాడు. ఐసీయూలో అదే చేశాను. కాలు ముడిచాడు! నువ్వు పక్కనే ఉన్నావు, చూశావు. "అక్కడున్నాడు, లోపల ఉన్నాడు" అని నేను కేకలు పెడితే, డాక్టరు వచ్చి, అది వెన్నుపాము చేసే పని, మెదడుతో సంబంధం లేదని నా చెవిలో పువ్వులు పెట్టాడు. నువ్వే కదా అన్నావు, "ఊరికి అవతల ఇంకో పెద్ద డాక్టరున్నాడట వదినా, స్కానింగ్ ఫిల్ములు చూపించి ఒకసారి తీసుకురండి" అని? ఆ కవరు చంకలో పెట్టుకుని పరిగెత్తాను. ఆయన పొద్దున వస్తానన్నాడు. నీకు ఫోన్ చేస్తే "రాత్రికి అక్కడే ఉండి, ఆయన్ని వెంటబెట్టుకుని రండి" అన్నావు. తెచ్చాను. మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఆ పెద్దాయన ముందు నా తల కొట్టేసినట్టయింది.

నేను దిక్కు వెతుక్కుంటూ తిరుగుతుంటే నువ్వు సంతకం పెట్టావు. కాస్త ఆగమని చెప్పడానికి నీకు నోరు రాలేదా?

మా షెడ్డు పద్ధతి నీకు తెలుసు. ఎవరి రాయైనా, ఇంటివాళ్ళలో ఒకరు వచ్చి నా ఎదురుగా నిలబడి తేదీ నోటితో చెప్పాలి. అప్పుడే ఉలి పెడతాను. రాసిస్తే ఒప్పుకోను. చేతికి ఏదైనా రాయడం వస్తుంది, నోరు మాత్రం ఆ ఒక్క తేదీ దగ్గర అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్ళలో నేను చూసింది అదే. ఉలి దెబ్బ పడ్డాక దిద్దుకోవడం ఉండదు, రాతి ముఖం మొత్తం అరగదీయాలి.

కాబట్టి వచ్చి చెప్పు. నా కళ్ళలోకి చూస్తూ మంగళవారం అను. అనగలిగితే చెక్కుతాను.

నీ ఆడపడుచు


కళ్ళజోళ్ళ దుకాణం, లోపలి గది

వదిన గారికి నమస్కారం.

మీ ఉత్తరం దుకాణానికి వచ్చింది. ఇంటికి రాస్తే కవరు మీద ఆయన పేరు రాయాల్సి వస్తుందని ఇక్కడికి రాశారనుకుంటాను. మంచిదే. నేను కూడా ఇంట్లో కూర్చుని ఇది రాయలేను.

మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను. ఆగమనడానికి టైము లేదన్నారు. బీపీ పడిపోతోందని, ఇంకా ఆలస్యమైతే కిడ్నీలూ లివరూ ఎవరికీ పనికిరాకుండా పోతాయని అన్నారు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆలోచించుకోమని ఒక గది చూపించి తలుపు వేశారు. ఆలోచించాను. సంతకం పెట్టాను.

ఆయన ఎప్పుడూ ఏమీ రాసిపెట్టలేదు. చావు గురించి మాట్లాడితే లేచి బస్సు తుడవడానికి వెళ్ళే మనిషి. కానీ మీకు తెలియంది ఒకటి ఉంది. ఆయన నడిపే బస్సులో డయాలసిస్‌కి వెళ్ళే ఆవిడ ఒకరు ఎక్కేది. మెల్లగా నడిచేది. ఆవిడ మూల మలుపు తిరిగి కనబడేదాకా ఈయన బస్సు కదిపేవాడు కాదు. వెనకవాళ్ళు హారన్ కొట్టేవారు, లోపలివాళ్ళు తిట్టేవారు, డిపోలో ఆలస్యానికి చీవాట్లు పడేవి. "ఆవిడ ఎక్కేదాకా ఆగుతాను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అనేవాడు. ఆ గదిలో నాకు గుర్తొచ్చింది ఆ మాటే. ఇంకేమీ గుర్తు రాలేదు.

మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు నేల పల్లంగా ఉందని నాతో పోట్లాడతారు. నేల బాగానే ఉంటుంది. వాళ్ళు అబద్ధమూ చెప్పరు. కాలు కదలడం మీరు చూశారు, అది నిజం. దాన్ని బట్టి మీరు అనుకున్నది నిజం కాదు. మెదడు పోయిందని తేల్చే రెండోసారి పరీక్ష మంగళవారం సాయంత్రం అయింది. ఆయన పోయిన సమయం అదేనని వాళ్ళు రాశారు. నేనూ అదే నమ్ముతున్నాను.

షెడ్డుకి రాలేను. సెలవు ఇవ్వరు. పద్ధతి అంటే మీకు ఎంత పట్టింపో తెలుసు కానీ, ఈ ఒక్క రాయికీ వదిలిపెట్టండి.

మీ మరదలు


రాళ్ళ షెడ్డు,
ఎండ మొదలైంది

మరదలికి,

నన్ను నీ దుకాణానికి వచ్చే గిరాకీ అనుకున్నావా? నేల పల్లంగా ఉందట! నా కళ్ళకి ఏ జబ్బూ లేదు. నలభై అడుగుల దూరం నుంచి రాతిలో పగులు పట్టగలను. నా తమ్ముడి కాలు కదిలిందో లేదో నువ్వు నాకు నేర్పనక్కర్లేదు.

బస్సు ఆవిడ సంగతి నాకు తెలియదు. చదివి కాసేపు పని మానేసి కూర్చున్నాను. అది వాడే. అలాంటివాడే. కానీ ఒకటి చెప్పు. ఎవరికోసమో బస్సు ఆపడం, ఎవరికోసమో ఒళ్ళు కోయించుకోవడం ఒకటేనా? వాడు ఆపింది బస్సు. ఆపాక మళ్ళీ నడిపేవాడు.

సెలవు ఇవ్వరని నువ్వు రాలేదు కదా, నేనే వచ్చాను. మీ ఊరికే. నీ దగ్గరికి కాదు, ఆసుపత్రికి. ఆ డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని, ఆయన తప్పించుకోడానికి దారి లేకుండా గుమ్మానికి కాళ్ళు అడ్డం పెట్టాను. పాపం, లోపలికి పిలిచి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. మర్యాదగా ఉండేవాళ్ళతో పోట్లాడటం ఎంత కష్టమో!

"వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టాక మత్తుమందు ఇచ్చారా?" అని అడిగాను. ఎవరో చెప్పారు నాకు, ఇస్తారని.

ఆయన కొంచెం తడబడ్డాడు. "కండరాలు బిగుసుకోకుండా మందు ఇస్తామమ్మా. బీపీ ఎగరకుండా కొంచెం మత్తు గ్యాసు కూడా ఇస్తాం."

"చచ్చిపోయినవాడికి మత్తెందుకయ్యా?"

"వెన్నుపాము బతికే ఉంటుంది. కత్తి పడితే ఒళ్ళు అదురుతుంది. నొప్పి తెలియదు, తెలుసుకునే మెదడు లేదు. కానీ ఒళ్ళు అదిరితే చూసేవాళ్ళకి చేతులాడవమ్మా. మాకు కూడా."

"అంటే మీకూ నమ్మకం లేదన్నమాట."

"నమ్మకం ఉంది. కళ్ళు మాత్రం మనిషి కళ్ళే కదా" అన్నాడు.

నేను ఊరుకోలేదు. చావు ఫలానా దగ్గరుందని ఎవరు చెప్పారు, గుండె ఆగడం కాకుండా మెదడు ఆగడం అని మార్చింది ఎవరు, ఏ హక్కుతో అని అడిగాను. బయటున్నవాళ్ళు తొంగి చూశారు, అంత గట్టిగా అడిగాను.

"ఆ గీత ప్రకృతి గీసి ఇవ్వలేదమ్మా, మేమే గీశాం" అన్నాడు. "ఆ గీత దాటాక వెనక్కొచ్చినవాళ్ళు లేరు కాబట్టి అక్కడ గీశాం."

"ఎవరికీ కిడ్నీలు అక్కర్లేకపోతే కూడా అక్కడే ఉండేదా మీ గీత?"

"ఉండేది. కానీ అంత తొందరగా వెళ్ళి చూసేవాళ్ళం కాదేమో" అన్నాడు.

విన్నావా? అదీ సంగతి. వరసలో ఎవరో ఎదురుచూస్తున్నారని నా తమ్ముడి చావుకి ముహూర్తం పెట్టారు. ఆ ఎవరో బతకకూడదని నేను అనడం లేదు. హాయిగా నూరేళ్ళూ బతకమను. కానీ వాళ్ళ తొందర వీడి చావు తేదీ అవ్వడానికి వీల్లేదు.

ఒక్క మాట ఆ డాక్టరు చెప్పాడు, నాకు అర్థం కాలేదు. "మీ మరదలు గారు రెండోసారి పరీక్షకి దగ్గరే ఉన్నారు, వద్దన్నా వినలేదు" అన్నాడు. ఆ సంగతి నువ్వు రాయలేదు. ఏమిటా పరీక్ష? ఎందుకు దాచావు?

నీ ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల దగ్గర

వదినా,

ఊళ్ళోకి వచ్చి ఇంటికి రాకుండా వెళ్ళారన్నమాట! సందు చివరిదాకా వచ్చే ఉంటారు. నాకు తెలుసు, మీరు అక్కడిదాకా రాకుండా ఉండలేరు. ఇంత జరిగాక కూడా గుమ్మం తొక్కడానికి మీకు పంతం అడ్డొచ్చింది. బాగుంది.

ఇన్నాళ్ళూ మీ మాటలన్నీ పడ్డాను. చంపావన్నారు, పడ్డాను. ఇక పడను. మీకు తమ్ముడు. నాకు? పొద్దున లేస్తే ఆయన పక్క, ఆయన దిండు, డిపో వాసన వదలని ఆయన చొక్కా. నేను దాన్ని ఉతకలేదు. మీరు రాళ్ళతో బతుకుతారు, రోజూ ఎవరో ఒకరి పోయిన తేదీ చెక్కి చేతులు కడుక్కుంటారు. నాకు ఆ అలవాటు లేదు.

పరీక్ష అడిగారు కదా, వినండి. దాచింది మీకోసమే. ఇక మీకోసం ఏదీ దాచను.

వెంటిలేటర్ తీసేస్తారు. గొట్టంలో ఆక్సిజన్ మాత్రం వదిలి, ఊపిరి తనంతట తను తీసుకుంటాడేమో చూస్తారు. బయట ఉండమన్నారు. ఉండనన్నాను. మంచం పక్కన నిలబడి ఆయన ఛాతీ మీద కళ్ళు పెట్టాను. ఇంకెక్కడా చూడలేదు. రెప్ప వేస్తే ఆ రెప్పపాటులో ఊపిరి తీసుకుంటాడేమో, నేను చూడకుండా పోతానేమో అని రెప్ప కూడా వెయ్యలేదు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. తీసుకో, తీసుకో, ఒక్కసారి తీసుకో అని లోపల అరుస్తున్నాను. ఈయన నిద్రలో గురక పెడితే మోచేత్తో పొడిచి ఆపేదాన్ని. ఆ గురక కోసం ఆ రోజు నేను ఏం ఇవ్వమన్నా ఇచ్చేదాన్ని.

ఛాతీ లేవలేదు వదినా. ఎంతసేపు చూసినా లేవలేదు. అందరూ గోడ మీది గడియారం చూస్తున్నారు, నేను ఒక్కదాన్నే ఆయన్ని చూస్తున్నాను. ఆయన పోయింది అప్పుడు. నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. తర్వాత మళ్ళీ వెంటిలేటర్ తగిలించారు, ఛాతీ మళ్ళీ లేచింది. కానీ అది ఆయన పని కాదని అప్పటికి నాకు తెలిసిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. అదీ చెప్పేస్తాను. మిమ్మల్ని ఊరికి అవతలికి పంపింది ఆ డాక్టరు కోసం కాదు. ఆయన వచ్చినా చేసేదేమీ లేదని నాకు తెలుసు. మీరు గదిలో లేకుండా ఉండాలని పంపాను. ఫోన్లో రాత్రికి అక్కడే ఉండమన్నది కూడా కావాలనే. అప్పటికే సంతకం అయిపోయింది.

మీరుంటే మళ్ళీ అరికాలు గీసేవారు. కాలు మళ్ళీ ముడుచుకునేది. అప్పుడు నేను ఛాతీని కాదు, ఆ పాదాన్నే నమ్మేదాన్ని. ఆయన్ని ఆ గొట్టానికి అలాగే వేలాడదీసి, రోజుకోసారి కాలు గీసి, ముడిచాడని ఇద్దరం సంబరపడుతూ కూర్చునేవాళ్ళం, ఒళ్ళు పాడైపోయి ఆ గుండె కూడా ఆగేదాకా. ఎవరూ బస్సెక్కేవారు కాదు. ఆయన మాత్రం మూల మలుపు దగ్గర ఆగిపోయి ఉండేవాడు.

తప్పు చేశాననే అనుకుంటున్నారు కదా. అనుకోండి. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అదే చేస్తాను.

నేను


షెడ్డు

కావాలని పంపావా.

నేను ఆ రాత్రంతా ఊరికి అవతల బెంచీ మీద పడుకోకుండా కూర్చున్నాను. పెద్దాయన ఎక్కడ జారిపోతాడో అని ఆయన గుమ్మం ముందు నుంచి కదల్లేదు. వాడికి చెప్పుకోవాలనుకున్న మాటలు నెమరు వేసుకుంటూ కూర్చున్నాను. డాక్టరు తప్పు అనుకున్నాను, చట్టం తప్పు అనుకున్నాను, నీ తొందర అనుకున్నాను. నువ్వు తెలిసే చేశావు. వాడు చచ్చాడో లేదో దేవుడెరుగు, చెల్లెలనుకున్నదాని చేతిలో నేను మాత్రం మోసపోయాను.

ఇంకేమీ రాయకు.


ఇల్లు

వదినా,

రాయవద్దన్నారు. ఇది ఒక్కటి రాస్తాను.

రాయి మీద బుధవారమే వెయ్యండి. నాకు అభ్యంతరం లేదు. మీ లెక్కలో ఆయన ఒక రోజు ఎక్కువ బతికి ఉంటే ఉండనివ్వండి. నేను చూసింది నేను చూశాను, దానికి రాయి సాక్ష్యం అక్కర్లేదు. మీరు నాకు వదిన కాకుండా పోవడం మాత్రం నేను తట్టుకోలేను. ఆయన తరఫున నాకు మిగిలింది మీరొక్కరే.

సెలవు ఇవ్వరన్నది అబద్ధం. మీ ముందు నిలబడి ఆ తేదీ చెప్పాల్సి వస్తే, మిమ్మల్ని పంపేసిన సంగతి కూడా నోటి వెంట వచ్చేస్తుందని భయపడ్డాను.

మరదలు


రాళ్ళ షెడ్డు,
చలి

పిల్లా,

చాలాకాలం రాయలేదు. తిట్లు వెతుక్కుంటున్నాను. నీకు సరిపోయేవి దొరకలేదు.

బుధవారం వెయ్యమన్నావు. తేదీ అంటే కూరగాయల బేరమనుకున్నావా, నువ్వు కాస్త తగ్గితే నేను కాస్త తగ్గడానికి? ఒకళ్ళని బుజ్జగించడానికి ఇంకొకళ్ళు తేదీ మార్చుకుంటే ఇక నేను ఉలి పట్టడం ఎందుకు? ఆ ఉత్తరం చదివాక నీ మీద కోపం రెట్టింపైంది. చూసింది చూశానంటావు, మళ్ళీ వద్దులే అంటావు. మొండిగా నిలబడితే కనీసం గౌరవించేదాన్ని.

సరే విను. రాయి నిలబెట్టాను. నల్లరాయి, మచ్చ లేనిది, వేరే ఎవరికో తీసి ఉంచింది. పేరు చెక్కాను. పుట్టిన తేదీ చెక్కాను. ఆ తర్వాత ఉలి ముందుకు కదల్లేదు. పద్ధతి ప్రకారం ఇంటివాళ్ళు చెప్పాలి కదా. నువ్వు రావు. మిగిలిన ఇంటిమనిషిని నేనే. కాబట్టి రాయి ముందు నిలబడి నేనే చెప్పుకున్నాను.

ముందు బుధవారం అన్నాను, గట్టిగా. అనగానే ఆ బల్ల కనబడింది. ముఖాలకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు, వాడి పేరు కూడా తెలియనివాళ్ళు. అందులో ఒక్కరూ వాడి గురక విన్నవాళ్ళు లేరు. తర్వాత మంగళవారం అన్నాను. రెప్ప వెయ్యకుండా ఛాతీ వైపు చూస్తున్న నువ్వు కనబడ్డావు.

ఏది నిజమో నాకు తెలియదు పిల్లా. కాలు ముడుచుకోవడం నేను మరిచిపోలేను, ఆ డాక్టరుకి తన గీత మీద ఉన్నంత నమ్మకం నాకు లేదు. ఇప్పటికీ నన్నడిగితే ఎవరూ అంత తొందరపడి ఉండకూడదనే అంటాను. కానీ తెలియనప్పుడు, వాడికి ఏ చావు ఇవ్వాలో అది నా చేతిలో ఉంది. నా తమ్ముణ్ణి పరాయివాళ్ళ మధ్య చావనివ్వను. మంగళవారం అని చెక్కాను. దిద్దడానికి వీల్లేదు, కాబట్టి ఇక దాని గురించి నువ్వూ మాట్లాడకు, నేనూ మాట్లాడను.

నన్ను పంపేసినందుకు క్షమించలేదు. ఒళ్ళు వెచ్చగా ఉండగా వాడి చెవిలో ఒక మాట చెప్పుకునేదాన్ని, అది నా దగ్గరే మిగిలిపోయింది. దాన్ని ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? ఆ ఒక్కటీ నువ్వు తీర్చలేవు. రాయి తీసుకెళ్ళడానికి నువ్వే రా. ముఖాముఖి తిట్టాల్సినవి ఉన్నాయి. తిన్నాక మొదలుపెడతాలే.

ఇంకొక సంగతి. ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. నాకేం కాలేదు, కంగారు పడకు. నాకు తెలివి లేకుండా పడి ఉంటే నా తరఫున నిర్ణయించాల్సింది ఎవరని అడిగితే నీ పేరు చెప్పాను. ఆ అమ్మాయి వరస అడిగితే మరదలన్నాను. "రక్త సంబంధం కాదా?" అంది. కాదన్నాను. ఉన్నవాళ్ళల్లో రెప్ప వెయ్యకుండా చూసే మనిషి తనొక్కతే అని చెప్పాను.

నావి ఏవైనా ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యి. ఊపిరితిత్తులు మాత్రం ఎవరికీ అంటగట్టకు, అందులో రాతి దుమ్ము తప్ప ఇంకేమీ ఉండదు. నా అరికాలు ఎవరైనా గీస్తే గీయనీ, కాలు ముడుచుకుంటే ముడుచుకోనీ. నీకు ఛాతీ లేవడం లేదని తెలిస్తే, లేవడం లేదని అందరి ముందూ చెప్పు. ఏడ్చేవాళ్ళని ఏడవనీ, నీ మీద పడి కొట్టేవాళ్ళని కొట్టనీ. కానీ ఆ గదిలోంచి ఎవరినీ డాక్టరు కోసం పంపకు.

వదిన